దిగివచ్చాక మళ్లీ ఎక్కాలంటే...

మాలావత్ పూర్ణ పేరు వినని హాస్టల్ విద్యార్థి మన జిల్లాలో ఉండరు. సిరికొండ మండలం పాకాల గ్రామానికి చెందిన ఈ గిరిజన బాలిక తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. తెలంగాణ ఏర్పడటానికి 8 రోజుల ముందు మాట అది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఇదంతా మనం ప్రతి సభలో చెప్పుకుంటున్నదే. ఆ తర్వాత జరిగింది మాత్రం అంతగా చెప్పుకోం.

పూర్ణ దిగివచ్చి మళ్లీ చదువులో పడింది. రెండేళ్లకు, అంటే 2016లో, ఆఫ్రికాలోని కిలిమంజారో (5,895 మీటర్లు) ఎక్కింది. 2017లో ఎల్‌బ్రస్, 2019లో అకాంకాగ్వా, కార్‌స్టెన్స్, విన్సన్ శిఖరాలు పూర్తయ్యాయి. తర్వాత కరోనా వచ్చింది. రెండేళ్లకు పైగా గడిచాక 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని డెనాలి (6,190 మీటర్లు) ఎక్కి ఏడు ఖండాల శిఖరాలనూ పూర్తి చేసింది.

ఎవరెస్ట్ ఎక్కినవాళ్లకు మిగతా కొండలు ఒక లెక్కా అని కొందరు అంటుంటారు. లెక్కే. ఎందుకో తెలుసుకుందాం.

పైన ఏం జరుగుతుంది?

మన నిజామాబాద్ సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడైనా ఎవరెస్ట్ మీదైనా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే. మారేది గాలి పీడనం. సుమారు 5,500 మీటర్ల ఎత్తులో అది సగానికి పడిపోతుంది. ఎవరెస్ట్ కొనమీద మూడో వంతే మిగులుతుంది. అంటే ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది.

శరీరం ఊరుకోదు. మొదట శ్వాస, గుండె వేగం పెరుగుతాయి. మూత్రపిండాలు ఎరిథ్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. అది ఎముకల మజ్జకు చేరి, ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఈ పని పూర్తిగా జరగడానికి వారాలు పడుతుంది. అందుకే ఎవరెస్ట్ యాత్రకు అన్ని రోజులు కావాలి. అందులో ఎక్కువ భాగం శరీరాన్ని ఆ ఎత్తుకు అలవాటు చేయడానికే పోతుంది.

కిందికి వస్తే?

ఇంటికి వచ్చాక శరీరం ఆ ఏర్పాటును తీసేస్తుంది. ఇక్కడ ఆక్సిజన్ సరిపడా ఉంది కాబట్టి అదనపు కణాలతో పనిలేదు. కొద్ది వారాల్లోనే రక్తం మామూలు స్థితికి వస్తుంది. ఎవరెస్ట్ ఎక్కిన మనిషి, ఎన్నడూ కొండ ఎక్కని మనిషి ఈ విషయంలో ఒకటే. తర్వాతి కొండకు ఇద్దరూ కింది నుంచే మొదలుపెట్టాలి.

మరి ఏం మిగులుతుంది? తాడు ముడి వేయడం, మంచు మీద అడుగు వేయడం, తన ఒంట్లో తేడా వస్తే ముందే గుర్తుపట్టడం. ఇవి పోవు. వాడక మందగించినా, సాధన చేస్తే కొత్తవాళ్లకంటే తొందరగా తిరిగి వస్తాయి.

మళ్లీ మొదలుపెట్టే పద్ధతి

1. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికంటే మరుసటి రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు.
2. మూడు నాలుగు రోజులకోసారి పైకి పోకుండా ఆగాలి.
3. పగలు పైదాకా వెళ్లినా, రాత్రి పడకకు కిందికి రావాలి.
4. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి పోవద్దు. అడుగు తడబడినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దిగాలి.

విమానం నుంచి పారాచూట్‌తో దూకే స్కైడైవర్లకూ ఇలాంటి నియమమే ఉంది. చాలాకాలం మానేసి తిరిగి వస్తే పాత లైసెన్సు చూపించి నేరుగా దూకడం కుదరదు. నేలమీద మళ్లీ పాఠం విని, పెద్ద పారాచూట్ చిక్కుపడితే దాన్ని వదిలించుకుని రిజర్వు పారాచూట్ తెరవడం సాధన చేసి, శిక్షకుడి కనుసన్నల్లో మొదటి దూకుడు దూకాలి. అమెరికాలో ఆ రిజర్వు పారాచూట్‌ను ఎవరూ వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, తనిఖీ చేసి, మళ్లీ మడవాలి. ఊరికే ఉన్న వస్తువునూ నమ్మరన్నమాట.

ఇది మన బోధన్ ప్రాంతానికి కొత్త విషయం కాదు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది కానీ, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దవాళ్లను ఎవరినైనా అడగండి. నెలల తరబడి చల్లారిన బాయిలర్‌ను గానుగ సీజన్ మొదట్లో ఒక్కపూటలో పూర్తి పీడనానికి తీసుకురారు. సన్నమంటతో మెల్లగా వేడి చేస్తారు. తొందరపడితే గొట్టాలు పగులుతాయి.

మనకేమిటి?

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. ఇంటర్ తర్వాత ఇంటి పరిస్థితి వల్ల ఏడాది చదువు ఆగింది. అమ్మతో కలిసి బీడీలు చుట్టాను. తిరిగి పుస్తకం తెరిస్తే పేజీ ముందుకు కదల్లేదు. తెలివి పోయిందనే అనుకున్నాను. పోయింది అలవాటు మాత్రమే. పదో తరగతి లెక్కల నుంచి మళ్లీ చేసుకుంటూ వచ్చాక మూడు నెలలకు దారిలో పడ్డాను.

మన హాస్టళ్లలో చదివి, పెళ్లి వల్లనో, పని వల్లనో, నాన్న గల్ఫ్ వెళ్లడం వల్లనో మధ్యలో ఆగినవాళ్లు ఎందరో ఉన్నారు. తిరిగి వచ్చిన మొదటి వారంలో అందరికంటే వెనకబడ్డామని సిగ్గుపడి మళ్లీ వెళ్లిపోతున్నవాళ్లే ఎక్కువ. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ కూడా ప్రతి కొండకూ అడుగు నుంచే మొదలుపెట్టింది. అలా మొదలుపెట్టడం ఓటమి కాదు, పద్ధతి. మీ గదికి అలా తిరిగి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, మొదటి నెల వాళ్ల పక్కన కూర్చోండి. పాత నోట్సు ఇవ్వండి. తర్వాత వాళ్లే ఎక్కుతారు.