పెరుగన్నం పెట్టకండి అత్తయ్యగారూ!

"పిల్లికి కూడా స్కానింగులేమిటే అమ్మాయీ?"

తెనాలి నుంచి వచ్చి, ఇంకా కాళ్లయినా కడుక్కోకుండా మా అత్తయ్యగారు వేసిన మొదటి ప్రశ్న ఇది. నేనప్పుడే ఆటో దిగి ఇంట్లోకి వస్తున్నాను. నా చేతిలో మూత ఉన్న బుట్ట, బుట్టలో మల్లి, మల్లి పొట్టమీద స్కానింగు కోసం బొచ్చంతా గొరిగేసిన బోడి జాగా! ఆవిడ ముక్కున వేలేసుకున్నారంటే తప్పేముంది? పిల్లులకు ఇలాంటి జబ్బొకటి ఉంటుందని ఆమధ్యదాకా నాకే తెలీదు.

మల్లి మాకు దొరికి ఏడేళ్లయింది. కొండాపూర్‌లో మా అపార్టుమెంటు సెల్లారులో ఓ వానరాత్రి ఎవరిదో కారు బానెట్‌లో దూరి అరుస్తుంటే వాచ్‌మన్ బయటికి తీశాడు. గుప్పెడంత తెల్లపిల్ల. మావారి ఉద్యోగం హైటెక్ సిటీలో. అమెరికా వాళ్లతో ఫోన్లు ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మేమంతా నిద్రపోయినా ఆయన లాప్‌టాప్ పక్కన తోక వేలాడేసుకుని మేలుకుని కూచునేది మల్లి ఒక్కటే.

అలాంటిది పోయినేడాది వారానికోసారి కక్కడం మొదలెట్టింది. 'ఒళ్లు నాక్కుంటుంది కదా, బొచ్చు ఉండలేలే' అనుకున్నాను. తర్వాత వారానికి రెండుసార్లయింది. ఇసుక ట్రేలో మలం కూడా పల్చగా ఉంటోంది. తిండి మాత్రం తింటూనే ఉంది గనుక నాకు అనుమానం రాలేదు. ఓ రోజు ఎత్తుకుంటే వెన్నుపూసలు చేతికి తగిలాయి. వంటింటి త్రాసు మీద బుట్టపెట్టి తూస్తే 3 కిలోల 100 గ్రాములు. అంతకుముందు సంవత్సరం టీకాకి వెళ్లినప్పుడు 4 కిలోల 200! నాలుగు నెలలు నా కళ్లముందే కరిగిపోతుంటే నేను నేల తుడుచుకుంటూ కూచున్నానన్నమాట.

డాక్టరుగారు చెప్పిన మొదటిమాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పెద్దపిల్లి అడపాదడపా ఓసారి కక్కితే కంగారు పడక్కర్లేదు గానీ, వాంతులో విరేచనాలో మూడు వారాలు దాటి వదలకపోతే అది 'పిల్లుల స్వభావం' కాదట, జబ్బేనట. దీని పేరు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్. పొట్టిగా ఐ.బి.డి. ఒంటిని కాపాడాల్సిన కణాలే పేగు లోపలి పొరలోకి గుంపులుగా చేరి వాపు తెస్తాయి. కాపలావాళ్లే ఇంట్లో జొరబడి సామాన్లు పగలగొట్టినట్టు! వాచిన పేగు తిన్నదాన్ని వంటబట్టనివ్వదు. ఎందుకొస్తుందంటే ఫలానా అని ఒక్క కారణం చూపించలేరు. తినే తిండి, పేగుల్లోని సూక్ష్మజీవులు, పుట్టుకతో వచ్చిన తత్వం అన్నీ కలిసి చేసే పని. నడివయసు దాటిన పిల్లుల్లో ఎక్కువ. మరో పిల్లికి గానీ మనకి గానీ అంటుకోదు.

అయితే ఇది ఐ.బి.డి. అని తేల్చడం అంత సులువు కాదు. మిగతావన్నీ కాదని తేలాకే దీని పేరెత్తాలి. నులిపురుగులున్నాయేమోనని మలపరీక్ష, కిడ్నీలకూ లివరుకూ రక్తపరీక్షలు, వయసు మళ్లిన పిల్లయితే థైరాయిడ్, పేగు గోడ మందమెంతో చూడటానికి అల్ట్రాసౌండ్. ఆ నెల మా అబ్బాయి ట్యూషన్ ఫీజు ఓ వారం ఆలస్యమైందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఖర్చుకి జంకేవాళ్లకి ఓ మాట. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. అది 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. ముందుగా కనుక్కుని వెళ్లండి.

అన్నీ అయ్యాక డాక్టరుగారు బయాప్సీ మాటెత్తారు. పేగునుంచి చిన్న ముక్క తీసి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేరట. ఎందుకంటే లింఫోమా అనే ఓ రకం క్యాన్సర్ అచ్చం ఇలాగే నెమ్మదిగా వస్తుంది, స్కానింగులో ఇలాగే కనిపిస్తుంది. ముందు స్టెరాయిడ్లు వాడేస్తే ఆ తర్వాత చేసే బయాప్సీలో అసలు సంగతి మరుగున పడిపోవచ్చు కూడా. మూడు కిలోల ప్రాణికి మత్తిచ్చి పొట్ట కోయించడమా? ఆ రాత్రి మావారూ నేనూ రెండింటిదాకా మాట్లాడుకున్నాం. వద్దనుకున్నాం. ముందు తిండి మార్చి చూద్దామన్నాం. అది సరైన నిర్ణయమేనా అని ఇవాళ్టికీ నా మనసులో ఓ మూల పీకుతూనే ఉంటుంది.

తిండి మార్చడమంటే తేలికనుకున్నాను. తీరా దిగాక తెలిసింది, అసలు యుద్ధమంతా వంటింట్లోనే అని!

ఇందులో రెండు దారులు. ఒకటి, ఆ పిల్లి పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ తినని మాంసం పెట్టడం. మన ఊళ్లో పిల్లులన్నీ కోడిమాంసం, చేపలు తిని పెరిగినవే గనుక ఆ రెండూ పనికిరావు. మేకమాంసమో కుందేలుమాంసమో చూసుకోవాలి. ఉప్పు, కారం, పసుపు ఏమీ లేకుండా ఉడకబెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి అయితే పిల్లులకు విషమే. కానీ వట్టి మాంసంతో ఎక్కువకాలం గడవదు, కాల్షియం వగైరా చాలవు. రెండో దారి, డాక్టరు రాసే ప్రత్యేకమైన దాణా. అందులో ప్రోటీన్‌ని పేగు గుర్తుపట్టలేనంత చిన్న చిన్న తునకలు చేసేస్తారు. మేం రెండోదే ఎంచుకున్నాం. పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజుల్లో పూర్తిగా మార్చాం.

మల్లి మొదటిరోజు వాసన చూసి, గిన్నెమీద మట్టి కప్పుతున్నట్టు నేలని గీకి వెళ్లిపోయింది. పిల్లలు మారాం చేస్తే 'ఆకలేస్తే అదే తింటార్లే' అంటాం కదా. పిల్లుల విషయంలో ఆ మాట పొరపాటున కూడా అనకండి. పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే ఒంట్లో కొవ్వంతా లివరుకి చేరి ప్రాణం మీదికొస్తుంది. కొంచెం వెచ్చచేసి, వేలికి రాసి నాకించి, బతిమాలి తినిపించాను. పదో రోజుకి వాంతులు తగ్గాయి. ఊపిరి పీల్చుకున్నాం.

పదిహేనో రోజు మళ్లీ మొదలు!

ఎక్కడ తప్పు జరిగిందో అంతుపట్టలేదు. మందులన్నీ చూశాను, దాణా సంచీ తిరగేశాను. మర్నాడు మధ్యాహ్నం పూజగది పక్కనుంచి గురగుర శబ్దం వస్తే తొంగిచూశాను. అత్తయ్యగారు తన కంచంలోంచి పెరుగన్నం ముద్దలు చేసి పెడుతున్నారు. అదేమో కళ్లు మూసుకుని తింటోంది.

"పెరుగన్నం పెట్టకండి అత్తయ్యగారూ!" అని అరిచేశాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఎముకలగూడైపోయిందే అమ్మాయీ. చలవ చేస్తుందని పెట్టాను. మా ఇంట్లో పిల్లులన్నీ పెరుగన్నం తినే బతికాయి" అన్నారు. కళ్లనిండా నీళ్లు. నాకు తల తీసేసినట్టయింది. ప్రేమతో పెట్టిన ముద్దే కదా! పెద్దపిల్లులు చాలావాటికి పాలు సరిగా అరగవని, పైగా ఈ తిండి పరీక్షలో ఒక్క ముద్ద వేరేది పడినా ఫలితం తేలకుండా పోతుందని ఆవిడకి కూచోబెట్టి చెప్పనిది నేనే. మందు డాక్టరిస్తాడు గానీ పథ్యం ఇంటిల్లిపాదీ చెయ్యాలి. పనమ్మాయికీ, మా అబ్బాయికీ చెప్పాను, ఇంటి పెద్దకి చెప్పడం మర్చిపోయాను.

ఆ రాత్రి ఆవిడే అన్నారు, "మా రోజుల్లోనూ ఈ రోగం ఉండే ఉంటుందే. దొడ్లో ఎక్కడో కక్కేది, ఎవరు చూశారు? చిక్కిపోయి చిక్కిపోయి ఓనాడు కనపడకుండా పోయేది. ముసలిదైపోయిందిలే అనుకునేవాళ్లం" అని. నిజమే కదూ! నాలుగు గోడల ఫ్లాటులో ఉంటోంది గనుకనే మల్లి జబ్బు మా కంటపడింది.

తిండితోనే నెమ్మదించే పిల్లులు చాలా ఉంటాయట. మా మల్లికి సగమే తగ్గింది. రక్తంలో బి12 బాగా తక్కువుందని తేలింది. పేగు వాస్తే ఆ విటమిన్ ఒంటబట్టదు మరి. వారానికో ఇంజెక్షన్ చొప్పున ఆరు వారాలు చేయించాం. చివరికి ప్రెడ్నిసొలోన్ తప్పలేదు. ఈ స్టెరాయిడ్‌తో చక్కెర జబ్బు రావచ్చు గనుక నీళ్లు ఎక్కువ తాగుతోందా, ఇసుకలో గడ్డలు పెద్దవవుతున్నాయా అని కనిపెట్టి చూడాలి. తగ్గింది కదా అని ఠక్కున మానెయ్యకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా దించాలి. మాత్ర వేశాక సిరంజీతో కాసిని నీళ్లు పట్టడం మరవకండి, గొంతులో ఇరుక్కుంటుంది. ఇంకో సంగతి. మన మందుల డబ్బాలోంచి ఏదీ తీసి వెయ్యకండి. ఒక్క పారాసెటమాల్ మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

ఈ జబ్బు పూర్తిగా నయమయ్యేది కాదు. అదుపులో ఉంచుకోవడమే. అందుకే ఓ నోటుబుక్కు పెట్టాను. ఎంత తింది, కక్కిందా, మలం ఎలా ఉంది, ఆదివారం బరువెంత. నవ్వకండి, పాలపద్దు రాసినట్టే! ఓసారి పై ఫ్లాటులో ఉండే సాఫ్ట్‌వేరు అమ్మాయి అది చూసి, "అచ్చం నా డైరీలాగే ఉందాంటీ" అంది. ఆ పిల్లకి క్రాన్స్ జబ్బట. మనుషుల్లో వచ్చే ఐ.బి.డి. అన్నమాట. మూడేళ్లుగా మా తలమీదే ఉంటున్నా నాకు తెలీదు. గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రిలో చూపించుకుంటోంది. "బయట తిండి మానేస్తే అదే పోతుంది అని ఆఫీసులో అందరూ సలహా ఇస్తారాంటీ. మల్లికి ఆ బాధైనా లేదు" అంది నవ్వుతూ. ఆదివారాలు అప్పుడప్పుడూ కిందికొచ్చి మల్లిని తూయడానికి సాయం పడుతోంది.

అత్తయ్యగారు సంక్రాంతికి ఊరెళదామనుకున్నవారు ఆగిపోయారు. నోటుబుక్కు ఇప్పుడు ఆవిడ చేతిలోనే ఉంది. 'పొద్దున పావుగిన్నె తిన్నది. కక్కలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాస్తున్నారు. కంచం ముందు కూచున్నప్పుడు మాత్రం పూజగది తలుపు గడియ పెట్టుకుంటున్నారు, మల్లి మొహం చూస్తే చెయ్యి ఆగదట.

పోయిన ఆదివారం 3 కిలోల 700. వచ్చే మంగళవారం నుంచి మాత్ర సగానికి దించమన్నారు డాక్టరుగారు. నాకు లోపల భయంగానే ఉంది.