నదులు లేని నేల – యుకటాన్

గోదావరీ కృష్ణల నడుమ పుట్టి పెరిగిన మనకు నది లేని సీమను ఊహించుకొనడం కష్టం. ఊరు వెలసినా, గుడి నిలిచినా, పైరు పండినా ఏదో ఒక ఏటి పేరు చెప్పుకొనడం మన అలవాటు. అయితే మెక్సికో దేశపు ఆగ్నేయ దిశను, ఒకవైపు మెక్సికో సింధుశాఖ, మరొకవైపు కరీబియన్ సముద్రం ఆవరించి ఉన్న యుకటాన్ ద్వీపకల్పం సంగతి వేరు. దాని ఉత్తరభాగంలో ఎంత దూరం ప్రయాణించినా దాటవలసిన ఏరు ఒక్కటీ ఎదురుకాదు. అయినప్పటికీ ఆ నేలమీదనే మహానగరాలు వెలసినవి. ఖగోళశాస్త్రం పెరిగినది. వేల సంవత్సరాలుగా మనుష్యులు మొక్కజొన్న పండించుకొని బ్రతుకుతున్నారు. నీరు ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే యుకటాన్‌లో యాత్రికుడు చూడదగిన వాటిలో అధికభాగం వాటంతట అవే అర్థమవుతవి. ఆ సమాధానమే ఈ ప్రసంగానికి విషయం.

యుకటాన్ భూమి అంతా సున్నపురాయి. ఒకనాటి సముద్రగర్భంలో పేరుకొని, కాలక్రమాన పైకి తేలిన పలక అది. మీద మట్టి జానెడైనా ఉండని చోట్లే ఎక్కువ. వానకాలంలో కురిసిన నీరు పారదు. రాతి పగుళ్ళలోకి ఇంకిపోతుంది. ఇంకుతూ ఇంకుతూ రాతిని కరగించి, లోపల గుహలను, సొరంగాలను తొలుస్తుంది. ఎక్కడైనా గుహ కప్పు కూలినప్పుడు అడుగున ఉన్న నీరు ఆకాశాన్ని చూస్తుంది. అటువంటి సహజమైన నుయ్యిని మాయా భాషలో ‘త్సొనోత్’ అంటారు. స్పెయిన్ వారు ఆ మాటనే ‘సెనోతె’గా మార్చుకున్నారు. ఈ ద్వీపకల్పంలో సెనోతెలు వేల సంఖ్యలో ఉన్నవి. కొన్ని ఎండ పడే విశాలమైన కోనేళ్ళు. కొన్ని, కప్పులోని చిన్న రంధ్రం గుండా ఒక్క వెలుగుకమ్మి మాత్రమే దిగే చీకటి మడుగులు.

మెరీదా నగరానికి చుట్టూ ఉన్న సీమలో ఈ నూతులు అర్ధచంద్రాకారంగా వరుస తీరి ఉండడం ఒక విశేషం. దీనికి కారణం భూమి మీదిది కాదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట పది కిలోమీటర్ల వెడల్పుగల గ్రహశకలం ఒకటి ఇక్కడ వచ్చి పడినది. మహాసరటాలు అంతరించిపోయిన కాలం అదే. ఆ తాకిడికి ఏర్పడిన గుంట వ్యాసం సుమారు 180 కిలోమీటర్లు. ఇప్పుడది సున్నపురాతి పొరల క్రింద పూడిపోయి పైకి కనుపించదు. కాని ఆ గుంట అంచు వెంబడి రాయి బీటలు వారి ఉన్నందున నీరు అక్కడ ఎక్కువగా తొలిచినది. తీరమందలి చిక్‌షులూబ్ అనే చిన్న ఊరి పేరు శాస్త్రగ్రంథాలకు ఎక్కినది ఈ కారణం చేతనే.

యాత్రికులు మొదట వెళ్ళేది చిచెన్ ఇట్జాకు. మాయా భాషలో ‘చి’ అంటే నోరు, ‘చెన్’ అంటే బావి. ఇట్జా వారి బావి ముంగిట వెలసిన ఊరు అని అర్థం. పేరులోనే బావి ఉన్నది. క్రీస్తుశకం తొమ్మిది, పది శతాబ్దులలో ఇది గొప్ప రాజధాని. నడుమనున్న మెట్ల గోపురానికి నాలుగు ప్రక్కల నాలుగు మెట్ల వరుసలు. ఒక్కొక్క వరుసకు 91 మెట్లు. పై వేదికతో కలిపితే 365. సంవత్సరాన్ని రాతిలో లెక్కకట్టిన కట్టడం అది. విషువత్తుల రోజులలో, అంటే మార్చి, సెప్టెంబరు మాసాలలో, సాయంకాలపు నీడ ఉత్తరపు మెట్ల ప్రక్కగోడమీద త్రికోణాలుగా పడి, అడుగున చెక్కిన సర్పశిరస్సుతో కలిసి, పాము దిగివస్తున్నట్లు భ్రమ కలిగిస్తుంది. ఈ గోపురం అడుగున కూడా నీటితో నిండిన బిలం ఉన్నదని మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం వారు 2015లో విద్యుత్ పరీక్షల వలన తెలుసుకున్నారు. గోపురాన్ని ఇప్పుడు ఎక్కనివ్వరు. చుట్టూ తిరిగి చూడవలసినదే.

అక్కడికి కొద్ది దూరాన, తెల్లని రాతిబాట చివర, పవిత్ర సెనోతె ఉన్నది. వెడల్పు సుమారు 60 మీటర్లు, నిట్రమైన అంచులు, అడుగున ఆకుపచ్చని నీరు. ఇది త్రాగునీటికి కాదు, వానదేవుడైన చాక్‌కు కానుకలు సమర్పించడానికి. 1904 మొదలు ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికా దేశస్థుడు దీనిని దేవించగా పచ్చరాళ్ళు, బంగారు తగడులు, సాంబ్రాణి వంటి కోపాల్ ముద్దలు, వాటితోపాటు మనుష్యుల ఎముకలు బయటపడినవి. ఆ వస్తువులలో పెక్కింటిని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియానికి తరలించారు. కొన్ని 1970లో తిరిగి మెక్సికోకు చేరినవి.

ఈ నూతికి సమీపాన భూగర్భపు తొట్టి ఒకటి 1967లో కనబడినది. అందులో బాలల అస్థికలు ఉన్నవి. వారిలో 64 మంది అస్థికల నుండి జన్యుపదార్థాన్ని తీసి పరిశీలించిన ఫలితాలు 2024లో ప్రకటితమైనవి. అందరూ మగపిల్లలే. పెక్కురు దగ్గరి బంధువులు. కవలలు సైతం ఉన్నారు. ఈ వార్తలో భీతావహమైన భాగాన్నే లోకం ఎక్కువగా చెప్పుకున్నది. కాని మరొక భాగం ఉన్నది: సమీపంలోని తీష్కకాల్తుయుబ్ అనే గ్రామ ప్రజల రక్తంతో పోల్చి చూడగా, ఆ బాలురు వారి పూర్వజనులకు చెందినవారని తేలినది. మాయా జాతి మాయమైపోయినదని పుస్తకాలలో వ్రాసే మాట ఎంత సరికానిదో దీనివలన స్పష్టం. మెక్సికోలో 2020 జనాభా లెక్కల ప్రకారం 7,70,000 మందికి పైగా యుకటాన్ మాయా భాష మాట్లాడుతున్నారు. సందర్భవశాన ఒక మాట. ధర్మరాజుకు సభను నిర్మించి యిచ్చిన మయునికి వీరు సంతతి అని మన ప్రక్క కొందరు చెప్పుకొనడం కద్దు. అది పేరులోని పోలిక మాత్రమే; చరిత్రలో ఆధారం లేదు.

నుయ్యి ఉన్నచోట చిచెన్ ఇట్జా వెలసినది సరే. నుయ్యి లేనిచోట ఏమి చేశారు? దక్షిణాన పూక్ అనే గుట్టల సీమలో నీరు చాలా లోతున ఉన్నది. అక్కడ సెనోతెలు అరుదు. అయినా ఉష్మాల్ నగరం అక్కడనే నిలిచినది. ఆ ప్రజలు రాతిలో సీసా ఆకారపు తొట్లు తొలిచి, లోపల సున్నపు గచ్చు చేసి, మూతి చుట్టూ వాలుగా నేలను చదును చేసి, పడిన వానచుక్కనల్లా అందులోకి మళ్ళించుకున్నారు. వీటికి ‘చుల్తున్’ అని పేరు. ఉష్మాల్ భవనాల గోడలమీద, మూలల్లో, పొడవాటి వంకరముక్కుతో వానదేవుని ముఖాలు వరుసలు తీరి ఉంటవి. ఆకాశంవైపు తప్ప మరెటూ చూడలేని ప్రజలు చెక్కిన ముఖాలవి. సమీపపు చిచన్‌కనబ్ సరస్సు అడుగుమట్టిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, 800కు 1000కి మధ్య దీర్ఘమైన అనావృష్టి పీడించినదని 1995లో ప్రకటించారు. పూక్ నగరాలు పాడుబడినది కూడా ఆ ప్రాంతపు కాలంలోనే.

అదే దారిన కంపేచే రాష్ట్రంలో బొలోన్‌చెన్ అనే ఊరు ఉన్నది. తొమ్మిది బావులు అని అర్థం. ఆ బావులు ఎండిపోయే వేసవిలో గ్రామస్థులు లోతైన గుహలోకి, చెట్టు బోదెలతో కట్టిన బ్రహ్మాండమైన నిచ్చెన మీదుగా దిగి, కడవలతో నీరు మోసుకొనేవారు. 1840 ప్రాంతాల ఆ దేశంలో పర్యటించిన స్టీఫెన్స్ దీనిని వర్ణించాడు. ఆయన వెంట ఉన్న చిత్రకారుడు క్యాథర్‌వుడ్ గీసిన ఆ నిచ్చెన బొమ్మ నేటికీ ప్రసిద్ధం. వేసవిలో చెలమ దగ్గర కడవతో కాచుకొని కూర్చున్న అనుభవం గల మన పల్లెలకు ఆ బొమ్మను వివరించి చెప్పనక్కరలేదు.

నీటిని దాచుకొన్న రాయే వారికి అన్నం కూడా పెట్టినది. సున్నపురాతిని కాల్చి చేసిన సున్నంతో గచ్చు, గార మాత్రమే కాక, తెల్లని రహదారులు కూడా వేశారు. కోబా నుండి యాషునా వరకు సాగిన అటువంటి బాట పొడవు సుమారు 100 కిలోమీటర్లు. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, పొట్టు తీసి, రుబ్బి రొట్టెలు చేస్తారు. సున్నం వలన గింజలోని పోషకాలు ఒంటికి పడతవి. యాత్రికుడు రుచి చూడదగిన వంట ‘కొచినీత పిబిల్’. పుల్లనారింజ రసం, జాఫ్రా ముద్ద పట్టించిన పందిమాంసాన్ని అరటాకులలో చుట్టి భూమిలోని పొయ్యిగుంటలో మగ్గనిస్తారు. మన మన్యంలో పండే ఈ జాఫ్రాయే కాక, మనం నిత్యం వాడే మిరప, జొన్నపొత్తు కూడా అమెరికా ఖండంనుండి మనకు వచ్చినవే.

మెరీదాను స్పెయిన్ వారు 1542లో స్థాపించారు. తిహో అనే మాయా నగరపు శిథిలాల మీద, ఆ రాళ్ళతోనే ఇళ్ళూ, చర్చీ కట్టుకున్నారు. 1598లో పూర్తయిన పెద్ద చర్చిని చూచేవారు ఆ రాళ్ళకు రెండు జన్మలున్నవని మరువరాదు. తూర్పున పసుపు వన్నె గోడలతో ముచ్చటగా ఉండే ఇసమాల్‌లోనూ మఠం పాత గోపురపు అరుగు మీదనే లేచినది. 1562లో మానీ గ్రామంలో దియేగో దె లాందా అనే మతగురువు మాయా గ్రంథాలను అగ్నికి ఆహుతి చేశాడు. నేడు లోకంలో మిగిలినవి నాలుగే.

మెరీదాలోని విశాలమైన మొంతెహో వీధి, దాని కిరుప్రక్కల రాజభవనాలవంటి ఇళ్ళు మరొక కథ చెబుతవి. రాతినేలలో, అల్పమైన నీటితో పెరిగే ఒక మొక్క యుకటాన్‌కు సిరులు తెచ్చినది. అది ‘హెనెకెన్’, మన రైలుకట్టల వెంబడి, చేల గట్లమీద కంచెగా కనిపించే కిత్తనార కుటుంబానిదే. ఉత్తర అమెరికాలో యంత్రాలు కోసిన గోధుమ పనలను కట్టడానికి దీని దారం కావలసి వచ్చినది. సిసాల్ రేవునుండి ఎగుమతి అయినందున ఆ నారకు లోకమంతటా సిసాల్ అనే పేరు నిలిచినది. ఆ సిరి వెనుక, తీర్చలేని అప్పులకు కట్టుబడి తోటలలో తరతరాలు చాకిరి చేసిన మాయా కుటుంబాలున్నవి. 1915లో గవర్నరుగా వచ్చిన సాల్వదోర్ అల్వరాదో ఆ బంధాన్ని తెంచాడు. 1937లో అధ్యక్షుడు కార్దెనాస్ తోటల భూములను పంచియిచ్చాడు. పిమ్మట కృత్రిమ దారాలు వచ్చి హెనెకెన్ గిరాకీ పడిపోయినది. ఆ తోటల భవనాలు కొన్ని ఇప్పుడు యాత్రికుల వసతులు.

సముద్రతీరానికి పోతే సెలెస్తున్ వద్ద మడ అడవులు, వాటి నడుమ గులాబిరంగు కొంగల గుంపులు. పులికాట్ సరస్సుకు ఏటా వచ్చే రాజహంసలకు ఇవి దాయాదులు. రంగు మాత్రం మరింత ఎరుపు. ఉప్పునీటి నడుమ కూడా అక్కడక్కడ తియ్యని ఊటలు పైకి ఉబుకుతూ ఉంటవి. ఎక్కడో లోపల ఇంకిన వాన ఇక్కడ సముద్రంలో కలుస్తున్నదన్నమాట. తూర్పుతీరాన తులుమ్ సమీపంలో సాక్ ఆక్తున్ అనే జలమయమైన గుహావళిని 2018 నాటికి సుమారు 347 కిలోమీటర్ల పొడవున కొలిచారు. ఆ ప్రాంతపు నీటిగుహలో 2007లో ఈతగాండ్రకు కనిపించిన ఒక బాలిక అస్థిపంజరం 12,000 సంవత్సరాలకు పైబడినది. సముద్రమట్టం తక్కువగా ఉండి గుహలు పొడిగా ఉన్న కాలంలో ఆమె లోపలికి వెళ్ళి ఉంటుంది.

ఇంతవరకు చెప్పినదాని నుండి ఒక విషయం తేలుతున్నది. యుకటాన్‌లో బావులు వేరు వేరు కావు. నీరు అంతా ఒక్కటే. నది అయితే మురికి కంటికి కనబడుతుంది. ఇక్కడ ఒకచోట పారబోసినది రాతిలోకి జారి, ఇంకొక ఊరి నూతిలో తేలుతుంది. హోమున్ అనే గ్రామంలో ప్రజలు సెనోతెలను యాత్రికులకు చూపించి జీవిస్తున్నారు. ఆ ప్రక్కనే 49,000 పందులను పెంచే పరిశ్రమ తలపెట్టగా, ఊరి పిల్లల పక్షాన న్యాయస్థానానికి వెళ్ళారు. 2018లో న్యాయమూర్తి దానిని నిలుపుదల చేయగా 2021లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును స్థిరపరచినది. 2023 డిసెంబరులో ప్రారంభమైన ‘మాయా రైలు’ విషయమై కూడా వాదం నడిచినది. పేదసీమకు పనులు, యాత్రికులు వస్తారని ప్రభుత్వం చెప్పినది. తూర్పుభాగంలో ఉక్కు స్తంభాలు గుహల కప్పులను ఛేదించుకొని నీటిలోకి దిగినవని గుహలను పరిశోధించేవారు చూపించారు. రెండు మాటలలోనూ సత్యం ఉన్నది. అయితే ఒకసారి చెడిన భూగర్భజలాన్ని తిరిగి శుభ్రం చేసే ఉపాయం సులభం కాదు.

యాత్రకు నవంబరు మొదలు మార్చి వరకు అనుకూలం. ఏప్రిల్, మే నెలల ఎండ మన రెంటచింతల ఎండను తలపిస్తుంది. తరువాత వానలు, తుఫానులు. సెనోతెలో దిగేముందు ఒంటికి పూసుకొన్న లేపనాలను కడుగుకొని రమ్మని అక్కడివారు కోరుతారు. అది ఆచారం కోసం చెప్పేది కాదు. ఆ నీటినే వారు త్రాగాలి.

రేడియో కుటుంబానికి చెందినవారము గనుక మేము మరొక్క సంగతి చెప్పి ముగిస్తాము. యుకటాన్ రాష్ట్రంలో పెతో అనే పట్టణంనుండి 1982 మొదలు ఒక రేడియో కేంద్రం మాయా భాషలో ప్రసారాలు చేస్తున్నది. గోపురాల మీది చెక్కడపు లిపిని చదవడం పండితుల పని. ఆ భాషను వినాలనుకునే యాత్రికుడు మాత్రం ఏ పల్లెటూరి అంగడి ముందైనా కాసేపు నిలబడితే చాలు.