రెండు లక్షల రెట్లు ఎందుకు వదులుకోవాలి?

కోఠి గుజరాతీ గల్లీలో 741 అని అడిగితే చాలు, ఎనిమిది కాళ్ల చిన్న నల్ల చిప్పు చేతిలో పెడతారు. 1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ తెచ్చిన ఆపరేషనల్ యాంప్లిఫయర్ ఇది. క్లుప్తంగా ఆప్-ఆంప్ అంటారు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో పొద్దస్తమానం మీటింగుల్లో మాట్లాడేవాళ్ల గొంతు కూడా అంకెలుగా మారేముందు ఏదో ఒక యాంప్లిఫయర్ గుండా పోవాల్సిందే. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే మరి.

741 తన రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాను సుమారు 2,00,000 రెట్లు పెంచుతుంది. గొప్పగానే ఉంది, కానీ ఆ లెక్క ఒక చిప్పుకీ ఇంకో చిప్పుకీ కలవదు, వేడెక్కితే మారిపోతుంది. దీనికి విరుగుడు 1927 ఆగస్టు 2న దొరికింది. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది మీద పడవలో ఆఫీసుకు వెళ్తూ, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే దాన్ని గీసుకున్నాడు: బయటికొచ్చిన దాంట్లో కొంత తిరగేసి మళ్లీ లోపలికి పంపాలి. పెంపు తగ్గుతుంది, నిలకడ వస్తుంది. ఇంత మంచి బేరం ఎలక్ట్రానిక్స్‌లో ఇంకోటి లేదని నా నమ్మకం.

741తో ఇది చేసి చూద్దాం. మూడో కాలు, అంటే ప్లస్ ఇన్‌పుట్, భూమికి కలపండి. రెండో కాలు మైనస్. దానికి 10 కిలోఓముల రెసిస్టర్ ద్వారా 0.1 వోల్టు ఇచ్చి, అవుట్‌పుట్ అయిన ఆరో కాలి నుంచి 100 కిలోఓములు వెనక్కి తెచ్చి కలపండి. అవుట్‌పుట్ 1 వోల్టు కావడానికి ఇన్‌పుట్ల మధ్య 5 మైక్రోవోల్టుల తేడా చాలు కాబట్టి, మైనస్ కాలు భూమికి తగలకుండానే సున్నా దగ్గర నిలుస్తుంది. అందుకే 10 కిలోఓముల గుండా 10 మైక్రోఆంపియర్ల కరెంటు వస్తుంది. చిప్పు దాన్ని దాదాపు లోపలికి తీసుకోదు. అదంతా 100 కిలోఓముల గుండానే పోవాలి, కాబట్టి అవుట్‌పుట్ మైనస్ 1 వోల్టు.

పొలాల్లో ఏతాం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇరుసు కదలదు, ఒక కొస దిగితే రెండోది లేస్తుంది, ఎంత లేస్తుందో చేతుల పొడవే తేలుస్తుంది. ఇక్కడ ఇరుసు ఆ రెండో కాలు. చిప్పు బలం లక్షకు పడిపోయినా పెంపు 9.999 దగ్గరే ఉంటుంది.

మొదటిసారి నేను రెండు, మూడు కాళ్లు తారుమారు చేశాను. రెండు 9 వోల్టుల బ్యాటరీల మీద నడిచే సర్క్యూట్‌లో అవుట్‌పుట్ 8 వోల్టుల దరిదాపులకు ఎగిరి అక్కడే అతుక్కుపోయింది. ఇన్‌పుట్ తీసేసినా దిగలేదు. తిరగేసి పంపాల్సింది నేరుగా వెళ్లి, తనను తానే ఎగదోసుకుంది. తీగలు మార్చాక మీటరు మైనస్ 1.00 చూపింది. 100 తీసి 220 కిలోఓములు గుచ్చాను. మైనస్ 2.2.