స్తంభం ప్రజలదే... మరి తీగ?

వీధిలోని కరెంటు స్తంభంపై విద్యుత్తు తీగల దిగువన నల్లని కేబుల్ ఒకటి సాగిపోతుంటుంది. అది ప్రభుత్వానిదా, ప్రైవేటు సంస్థదా అని ఆరా తీసేవారు తక్కువ. నెలకు ఎంత చెల్లించాలి, లాభం రాని పల్లెకు కనెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది మాత్రం ఆ తీగ యజమానే.

మోరి నుంచి మొదలు: ఇంటర్నెట్‌ను కూడా మంచినీరు, కరెంటులాగే ఇంటింటికీ చేర్చాలన్న సంకల్పంతో రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా ఏపీ ఫైబర్‌నెట్ 2015లో ఏర్పడింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో సేవలు మొదలయ్యాయి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రాజెక్టును లాంఛనంగా ప్రారంభించారు. నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ ఛానళ్లు, టెలిఫోన్ అన్నది అప్పటి హామీ.

పనిచేసేది ఇలా: రోడ్లు తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగానే దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్ వేయడంతో ఖర్చు, సమయం కలిసివచ్చాయి. పరికరాలను విద్యుత్ సబ్‌స్టేషన్లలో అమర్చారు. అక్కడి నుంచి ఇంటికి తీగ లాగి, బిల్లు వసూలు చేసే బాధ్యత స్థానిక కేబుల్ ఆపరేటర్లది. గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటుతోపాటు ఇంటర్నెట్ కూడా ఆగిపోవడం ఈ పద్ధతిలోని లోపం.

అమెరికాలో చట్టమే అడ్డుగోడ: ఇదే బాటలో నడిచిన నగరం టెన్నెసీ రాష్ట్రంలోని చాటనూగా. నగరానికి చెందిన విద్యుత్ సంస్థ 2010లోనే సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని అందించింది. కేబుల్ కంపెనీలు కోర్టుకెక్కినా నిలువరించలేకపోయాయి. అయితే విద్యుత్ సరఫరా పరిధి దాటి ఇంటర్నెట్ ఇవ్వరాదన్న రాష్ట్ర చట్టం ఆ సంస్థ చేతులు కట్టేసింది. నార్త్ కరోలినాలోనూ కేబుల్ కంపెనీల ఒత్తిడి ఫలించి 2011లో ఇటువంటి ఆంక్షలే వచ్చాయి. ఈ ఆంక్షలను 2015లో కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ తోసిపుచ్చగా, ఆ అధికారం కమిషన్‌కు లేదని 2016లో అప్పీలు కోర్టు తీర్పునిచ్చింది. సేవల్లో పోటీపడి గెలవలేని కంపెనీలు శాసనసభల్లో గెలిచాయన్నమాట. పొరుగు ఊళ్లకు సేవలు విస్తరించే దారి మూసుకుపోయింది.

ఇక్కడి చిక్కు వేరు: మన రాష్ట్రంలో అటువంటి నిషేధం లేదు. అయితే 2019లోను, 2024లోను ప్రభుత్వాలు మారాయి. టెండర్లు, నియామకాలపై ఆరోపణలు, ప్రత్యారోపణలు సాగాయి. తీగను ప్రజల ఆస్తిగా కాక గత ప్రభుత్వపు పథకంగా చూసినంత కాలం దాని నిర్వహణ కుంటుపడక తప్పదు. ఇక ప్రైవేటు సంస్థలు ఎన్నికల ఫలితాల కోసం ఆగవు. 2016లో జియో రాకతో మొబైల్ డేటా చౌకైంది. పల్లెల్లోనూ ఇంటర్నెట్ వాడకం పెరిగింది. అయితే ధర పెంచే నిర్ణయం మాత్రం కంపెనీలదే. అందుబాటు ధరలో ప్రభుత్వ తీగ ఒకటి ఉంటేనే వినియోగదారుడికి మరో దారి ఉంటుంది.

అడగవలసింది ఇదీ: సంస్థ జమాఖర్చులు ఏటా ప్రజల ముందుంచుతున్నారా? తెగిన తీగను ఎన్ని గంటల్లో అతుకుతున్నారు? ఊరి చివరి బడికి కనెక్షన్ అందిందా? ఓటు కోసం గడప తొక్కే ఏ పార్టీ నాయకుడినైనా ఈ మూడు ప్రశ్నలు అడిగే హక్కు ప్రజలకుంది. ఆ స్తంభాలు, వాటిపై వేసిన తీగ వారి సొమ్ముతో వచ్చినవే.