వైన్ షాపులో దొరకని వైన్

మన ఊళ్ళలో "వైన్ షాపు" బోర్డు చూడనివారు ఉండరు. లోపల అమ్మేది మాత్రం ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. ఆ బోర్డు చూసి పెరిగిన మనకు, అమెరికాలో ఆఫీసు డిన్నర్‌లో పక్కవాళ్ళ చేతిలో వైన్ గ్లాసు కనబడితే అదీ "మందు కొట్టడం" లాగే తోస్తుంది. కొందరం బెదిరి దూరం జరుగుతాం, కొందరం గటగటా తాగేస్తాం. ఇంతకీ ఆ గ్లాసులో ఏముంది?

వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. పండులోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలుగా మారుస్తుంది. సారాలాగా బట్టీ పెట్టి కాచేది కాదు కనుక మామూలుగా నూటికి 12 నుంచి 15 వంతులే ఆల్కహాలు ఉంటుంది. విస్కీలో అది 40 పైనే. నల్లద్రాక్షను తొక్కలతో సహా పులియబెడితే రెడ్ వైన్. రసం మాత్రమే పిండుకుని పులియబెడితే వైట్ వైన్.

రుచి చూడడం మనకు కొత్త విద్యేమీ కాదు. వైన్ పుస్తకాలు "టానిన్" అంటూ పేజీలకొద్దీ వివరించేదాన్ని మనం "వగరు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. జామపిందె కొరికితే నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అదే. రెడ్ వైన్‌లో ఈ వగరు తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. పులుపు, తీపి, వగరు ఒకదాన్నొకటి మింగెయ్యకుండా ఉంటే మంచి వైన్. ఉగాది పచ్చడిలో బెల్లం తగ్గిందని పట్టేసే నాలుకకు ఇది కష్టం కాదు.

భోజనంతో జత కుదరడం మరో సంగతి. వగరుగా, ఘాటుగా ఉండే రెడ్ వైన్ మన కూరల కారాన్ని ఇంకా మండిస్తుంది. కాస్త తియ్యటి రీస్లింగ్ చల్లగా ఉంటే నప్పుతుంది. పులుపు తక్కువున్న వైన్ గోంగూర పక్కన చప్పబడిపోతుంది.

వైన్ వెనక ఉన్నది రైతే. కాలిఫోర్నియాలోని నాపా లోయలో పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఎండ. ఎండ ముదిరితే పండులో చక్కెర పెరిగి పులుపు పడిపోతుంది. ఏటికేడాది రుచి మారుతుంది కాబట్టే సీసామీద పంట సంవత్సరం వేస్తారు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధంలో వైనరీలు చాలా మూతపడ్డాయి. కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1976 మే 24న పారిస్‌లో పేర్లు దాచి జరిపిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే రెడ్‌లోనూ వైట్‌లోనూ నాపా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. గెలిచిన వైట్ వైన్ షాటో మాంటెలీనాది. దాన్ని తయారుచేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియాలో ద్రాక్షలు పండించే ఇంట పుట్టి, 1958లో నాపాకు చేరిన వలసదారు, మనలాగే.

ఎంత చెప్పినా వైన్ కూడా మద్యమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చి అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమమే 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం ఎత్తేసినా, ఆ తల్లులు పడ్డ బాధ అబద్ధం కాదు. "రెడ్ వైన్ గుండెకు మంచిదట" అని గ్లాసు నింపుకునేవారికి ఇంకో మాట: ఏ మోతాదులోనూ మద్యం పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

మన పార్టీల్లో సీసాలు బేస్‌మెంట్‌లో, పిల్లలు పై అంతస్తులో. అయినా పిల్లలకు అన్నీ తెలుసు. వాళ్ళు నేర్చుకునేది మాత్రం దాపరికమే. ఇక్కడ చట్టం 21 ఏళ్ళు నిండేదాకా ఆగమంటుంది. అంతవరకూ మనమూ ఆగనక్కర్లేదు. నాపా రైతు కథా, దూబగుంట ఆడవాళ్ళ కథా రెండూ ఒకే భోజనాల బల్ల దగ్గర చెబుదాం. తాగేవాళ్ళు ఎందుకు ఒక్క గ్లాసుతో ఆపుతారో, తాగనివాళ్ళు ఎందుకు ముట్టరో పిల్లలు మన నోటే వినాలి.