బోన్సాయ్‌ని మానిటర్ పక్కన పెట్టకండి!

నా మొదటి బోన్సాయ్ చచ్చిపోయాక కూడా కొన్ని వారాలు దానికి నీళ్లు కొట్టాను. పచ్చగానే ఉంది మరి, ఎలా తెలుస్తుంది!

ఆన్‌లైన్‌లో కొన్న జూనిపర్ అది. ఏసీ రూమ్‌లో మానిటర్ పక్కన పెట్టి, రోజూ పొద్దున్నే స్ప్రే చేసేవాణ్ణి. జూనిపర్‌తో చిక్కేంటంటే, వేళ్లు చచ్చినా ఆకులు వెంటనే రంగు మారవు. గోటితో బెరడు కాస్త గీకి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, ఎండిపోయి గోధుమరంగులో ఉంటే ఆ కొమ్మ పోయినట్టే. నాకది ఆలస్యంగా తెలిసింది.

అసలు తప్పు దాన్ని షోపీస్ అనుకోవడం. బోన్సాయ్ అంటే పొట్టి జాతి చెట్టు కాదు, లోతు తక్కువ కుండీలో పెంచే మామూలు చెట్టు. జూనిపర్‌కి ఆరుబయట ఎండ కావాలి, చలికాలంలో చలీ కావాలి. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఆ రెండూ ఎక్కడ తెస్తాం? మనకి మర్రి, రావి, చింత, అడీనియం లాంటివే నయం.

రెండోది కొనలేదు. ఊళ్లో మా ఇంటి పిట్టగోడ పగుల్లో రావి మొలిచింది. గోడ చీలుతుందని నాన్న పీకించబోతుంటే నేను తెచ్చుకున్నా. "అంత చెట్టుని కుండీలో మాడ్చి పొట్టిగా చేస్తావా? పాపం రా" అన్నారు. చాలామంది ఇలాగే అనుకుంటారు. నిజానికి మాడ్చేదేం లేదు. కొమ్మలు, వేళ్లు కత్తిరిస్తూ సైజు అదుపులో పెడతాం, ఎరువు మాత్రం వేయాల్సిందే.

ఎక్కువమంది దెబ్బతినేది నీళ్ల దగ్గరే. నేను ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా. అది పనిచేయదు. మట్టిలో వేలు పెట్టి చూడండి, పైమట్టి ఆరితేనే పోయండి, అదీ కింది రంధ్రాల్లోంచి కారేదాకా. మే నెలలో రోజుకి రెండుసార్లు కావాలి, ముసురు పట్టినప్పుడు అసలు అక్కర్లేదు. బాగా ఎండిపోతే కుండీని నీళ్ల టబ్బులో ఉంచి, బుడగలు ఆగాక తీయండి. మట్టిలో జల్లించిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కాస్త వర్మీకంపోస్ట్ కలుపుతా. ఉత్త బంకమట్టైతే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి.

కొమ్మ వంచడానికి చుట్టే అల్యూమినియం తీగని మాత్రం మర్చిపోవద్దు. రిలీజ్ హడావిడిలో నెలన్నర నేను చూడలేదు, బెరడులోకి దిగిపోయింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరేటమ్‌లో 1625 నుంచి కుండీలో పెరుగుతున్న జపాన్ పైన్ ఒకటుంది. 1945లో హిరోషిమాలో బాంబు పడ్డప్పుడు యమాకి అనే కుటుంబం పెరట్లో, గోడ చాటున ఉండి బతికింది. 1976లో దాన్ని అమెరికాకి కానుకగా ఇచ్చారు. నాకు మాత్రం బాంబు కంటే నీళ్లే వింతగా అనిపిస్తాయి. దాదాపు 400 ఏళ్లుగా ఎవరో ఒకరు పోస్తూనే ఉన్నారు కదా!

నాకేమో సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్లాలంటేనే సమస్య. చివరికి కుండీని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కా. నాన్న దాన్ని మళ్లీ ఆ పిట్టగోడ మీదే పెట్టి, పొద్దున్నే లేచి మట్టిలో వేలు పెట్టి చూశారు. బయల్దేరే రోజు, "ఇక్కడే వదిలెయ్ రా, ఎండైనా ఉంటుంది" అన్నారు. మా బాల్కనీకి వచ్చేది మూడు గంటల ఎండే. ఈసారికి తెచ్చేశా గానీ, ఆయనకింకా ఏ మాటా చెప్పలేదు.