అరచేతిలో నైజాం రైలు

కాజీపేట జంక్షనులో ఈనాడు దేశం నలుమూలలకూ పోయే బండ్లు కనిపిస్తాయి. కాని ఈ దారి వేసిన రైల్వే మాత్రం అంతరించింది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. తరువాత లండనులో ఒక కంపెనీ ఏర్పడింది. దాని పెట్టుబడిపై వడ్డీకి నైజాం ప్రభుత్వం పూచీపడింది. ‘నైజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అన్న పేరులోని గ్యారంటీ ఆ పూచీయే. ఆ కంపెనీ 1889 నాటికి దారిని వరంగల్లు మీదుగా బెజవాడ చేర్చింది. 1930లో దానిని ప్రభుత్వమే కొన్నది. 1951 నవంబరు 5న అది సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది.

ఆ బండిని బొమ్మగానైనా చేసుకుని ఇంట్లో నడపాలని మీ పిల్లవాడు ముచ్చటపడ్డాడనుకోండి. ఇంగ్లండు, జర్మనీ రైలు బొమ్మలు అంగళ్లలో దొరుకుతాయి గాని, నైజాం పెట్టె దొరకడం గగనమే. పోనీ చేద్దామంటే పట్టాల లెక్క అడ్డు వస్తుంది. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న హెచ్.ఓ. బొమ్మరైలు అసలు దానిలో 87వ వంతు; దాని పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజికి అది సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676. దానిని 87తో భాగిస్తే పంతొమ్మిది దాటుతుంది. ఆ కొలతకు చేసిన పెట్టె ఆ పట్టాలమీద చిన్నపీటపై కూర్చున్న భారీ మనిషిలా ఉంటుంది!

దీనికి ఉపాయం ఉంది. పెట్టెను నూరవ వంతుకు చేయండి. అప్పుడు 16.76 వస్తుంది; పావు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. పైగా అసలు పెట్టెలో మీటరు మన బొమ్మలో సెంటీమీటరు. బడిపిల్లల స్కేలు చాలు. సికింద్రాబాదు నుంచి మన్మాడు వెళ్లిన నాటి మీటరుగేజి దారి సరిగ్గా సెంటీమీటరు వెడల్పవుతుంది!

మొదట బొగ్గు వ్యాగను పట్టండి. ఇల్లెందు గనుల సింగరేణి బొగ్గు డోర్నకల్లు మీదుగా ఈ రైలెక్కినదే కదా. నాలుగు చక్రాలు, పైకప్పు లేని తొట్టి, చేయడం సులువు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి కర్ర తేలికగా చెక్కుడు పడుతుంది. సందులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టవచ్చు. దళసరి కాగితం వెనుక సూదిమొనతో నొక్కితే ముందువైపు రివెట్లు లేస్తాయి. చక్రాలు మాత్రం హెచ్.ఓ.వి కొనుక్కోవాలి. బండి పట్టా తప్పకుండా అడుగున ఒక ఇనుపముక్క అతికించండి.

ఇక రంగు. పాత ఫొటోలు నలుపు తెలుపులవి. స్కేలు దీనికి జవాబు చెప్పలేదు. లాలాగూడలో 1893 నుంచీ ఉన్న వర్కుషాపులోనో, ఈ దారిలోని స్టేషన్లలోనో పనిచేసినవారినీ, ఆ పెట్టెలలో ప్రయాణించినవారినీ అడగాలి. 1951లో ఇరవయ్యేళ్లవారు నేడు తొంభై దాటారు. అందుచేత ఆలస్యం పనికిరాదు. తోచిన రంగు వేసి, బొమ్మను తాతగారి చేతిలో పెట్టండి. “గిట్ల కాదు బిడ్డా, తలుపు గిటు దిక్కుండె” అని ఆయన అన్నారా, మీ శ్రమ ఫలించినట్లే. ఆ మాటను తేదీతో సహా వెంటనే రాసుకోండి. తలుపు తరువాత మార్చుకోవచ్చు.